పిండికాడ శిగ

పక్క క్వార్టర్ అవ్వ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఏడో తరగతి పిల్లలకు కొలజాడీలో నీటి మట్టం ఎలా చూడాలో చెబుతున్నాను. కన్ను మట్టానికి సమానంగా ఉండాలి, పైనుంచి చూస్తే ఒక లెక్క, కిందినుంచి చూస్తే ఇంకో లెక్క వస్తుంది అని చెప్పి, జాడీ బల్ల మీద పెట్టి వరండాలోకి వచ్చాను.

"పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నదట. గట్లనే పోయింది," అంది అమ్మ.

ఫోన్ పెట్టేశాను. నేను మళ్లీ తరగతిలోకి వెళ్లి, గంట కొట్టేదాకా పాఠం చెప్పాను. అది చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

మన గుడి పత్రికకు ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఫాదర్ అడిగారు. "చదువుకున్న పిల్లవు, పక్కింటిదానివి, నువ్వే రాయాలి," అన్నారు. మూడేళ్ల కింద కూడా ఇంకో పనికి ఆయన సరిగ్గా ఇదే మాట అన్నారు. నేను రాయవలసింది ఆ పని గురించే. ఇది చదివేవాళ్లలో చాలామంది ఆ రోజు ఆ పొయ్యి దగ్గర ఉన్నారు. అక్కడ ఏం జరిగిందో మీకు తెలుసని మీరు అనుకుంటున్నారు. మీకు తెలియదు.

మా రెండు క్వార్టర్లకూ మధ్య ఒకటే గోడ. దాని పైవరసలో ఒక ఇటుక ఎప్పుడో ఊడిపోయింది. కరివేపాకు, పాత పేపర్లు, కూర గిన్నెలు, కబుర్లు అన్నీ ఆ సందులోంచే అటూ ఇటూ పోయేవి. నేను పుట్టకముందు నుంచే అవ్వ అక్కడ ఉంది. ఆమె భర్త బొగ్గుబాయిలో బొగ్గు నింపే పని చేసి, నా చిన్నప్పుడే పోయాడు. కొడుకు కూడా బాయిలోనే చేస్తాడు. ఆ ఇంట్లో షిఫ్టును బట్టి అన్నం వేళలు మారేవి గానీ కొలత మారేది కాదు.

ఆ కొలత ఒక సోల. వర్క్‌షాపులో పనిచేసే తెలిసినాయన ఎవరో పనికిరాని ఇనుప పైపు ముక్కకు అడుగు అతికి అవ్వ భర్తకు ఇచ్చాడట. అంగట్లో దొరికే సోల కంటే అది కొంచెం పొట్టి, కొంచెం లావు. చేతిలో పెడితే బరువుగా ఉంటుంది. బియ్యం, పిండి, బెల్లం, పల్లీలు, ఆ ఇంట్లోకి ఏది వచ్చినా ఆ పైపు ముక్కలోంచే పోవాలి. దుకాణంలో అన్నీ కిలోల్లో ఇస్తారు. అవ్వ ఇంటికి తెచ్చుకుని వాటిని సోలల్లోకి మార్చుకునేది. కిలో బియ్యమంటే ఆమెకు రెండు సోలలు, పైన మూడు పిడికిళ్లు. కిలో బెల్లం తురిమితే మూడు సోలలకు పావు తక్కువ. తడి పిండి ఎంత అని అడిగితే మాత్రం, "అది కొలిచే చెయ్యిని బట్టి," అనేది.

కొలిచేటప్పుడు ఒకటి అని మొదలుపెట్టేది కాదు. పాత పద్ధతిలో "లాభం, రెండు, మూడు" అనేది. ఆ లెక్క మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. ఫాదర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డా సరే, చెయ్యి ఎత్తి ఆగమని చూపించేది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు సైరన్ మోగితే, కొలవటం ఆపి సోల మీద అరచెయ్యి గొడుగులా పట్టేది. నేల అదిరి, అలమరలో గ్లాసులు గలగలమని, మళ్లీ అంతా ఊరుకున్నాక పిండి ఒంపేసి మొదటినుంచి పోసేది.

"ఎందుకవ్వా?" అని నేను చిన్నప్పుడు అడిగాను.

"అదురుకు పిండి కుంగుతది బిడ్డ. కుంగిన పిండికి ఆకలెక్కువ, ఇంకింత తింటది."

అదే సోలకు ఒక్కోదానికి ఒక్కో బరువు ఎలా వస్తుందని ఇంకోసారి అడిగితే, "కాంటకు బరువు తెలుసు, సోలకు కడుపు తెలుసు. ఒకదాని బాస ఒకదానికి రాదు. నడుమ మనిషుండాలె," అంది. నేను ఇప్పుడు బడిలో సాంద్రత పాఠం చెబుతాను. ఆమెకు సాంద్రత అన్న మాట తెలియదు. నాకు ఆ మాట ఒక్కటే తెలుసు.

ఆరో తరగతిలో నన్ను కాన్వెంటు హాస్టల్లో చేర్చారు. సెలవులకు ఇంటికి వస్తే అవ్వ గోడ మీదినుంచి పెద్దగా పిలిచేది. ఒకసారి నాతోపాటు ఇద్దరు స్నేహితురాళ్లు వచ్చారు. అవ్వ సర్వపిండి చేసి, పేపరులో చుట్టి, గోడ సందులోంచి ఇచ్చింది. వాళ్ల ముందు నేను ఆమెను అవ్వా అని పిలవలేకపోయాను. "థాంక్యూ ఆంటీ," అన్నాను.

"ఆంటీనా? నోట్ల పండ్లు నాలుగు లేవు, నేను ఆంటీనెట్లయిన?" అని నవ్వింది అవ్వ. ఆ తర్వాత చాలా ఏళ్లు మా అమ్మతో మాట్లాడినప్పుడల్లా, "మీ ఇంగ్లీషు బిడ్డ వచ్చిందా? ఆంటీ అడిగిందని చెప్పు," అనేది. ఆమెకు అది వేళాకోళం. నాకు ప్రతిసారీ చెవులు వేడెక్కేవి.

నేను ఎవరినీ ఏదీ అడగను. తెలియనిది ఎదురైతే పుస్తకంలో వెతుక్కుంటాను, దొరకకపోతే ఊహించుకుంటాను. అవ్వ ఇది కనిపెట్టింది. "అడుగు బిడ్డ. అడుగుతె నోరు అరుగుతదా?" అని ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

మూడేళ్ల కింద గుడి పండుగకు అందరికీ అరిసెలు పంచాలనుకున్నాం. ఎప్పుడైనా మన గుడిలో అరిసెలంటే బాణలి దగ్గర అవ్వ కూర్చోవాలి, పిండికీ బెల్లానికీ ఆమె సోలతో లెక్క చూడాలి. ఆ ఏడు ఆమె మోకాళ్లు వాచాయి. మహిళా సంఘం పెద్దక్క, "అవ్వ ఎన్నొద్దులు చేస్తది, ఆ లెక్కేదో రాసి పెట్టుకుందాం," అంది. అందరి దగ్గరా కాంటాలే ఉన్నాయి కాబట్టి కిలోల్లో రాయాలి. ఫాదర్ నన్ను పిలిచి ఆ మాట అన్నారు. చదువుకున్న పిల్లవు, పక్కింటిదానివి అని.

నేను నోటుబుక్కు, పెన్ను పట్టుకుని వెళ్లాను. అవ్వ అప్పుడే పట్టించిన తడి పిండి ఒక గిన్నెలో పోసి ఇచ్చింది, బెల్లం తురుము ఇచ్చింది, సోల కూడా ఇచ్చింది. "రెండు సోలల పిండికి సోల బెల్లం," అంది. నేను గోడ ఇవతలికి వచ్చాక సందులోంచి మళ్లీ పిలిచింది.

"పిండికాడ శిగ ఉండాలె. మర్శిపోకు."

సరే అన్నాను. శిగ అంటే జుట్టు ముడి. పిండి దగ్గర కూర్చునేవాళ్లు జుట్టు ముడి వేసుకోవాలని చెబుతోందని అనుకున్నాను. శుభ్రత గురించి ఇంత వయసులో ఆమెకు ఎంత పట్టింపో అని మెచ్చుకున్నాను కూడా. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆమె ఇంకా గోడ అవతలే నిలబడి ఉంది.

మా వంటగదిలో తలుపు వేసుకుని కొలిచాను. ఒక సోల తడి పిండి పోశాను. పైన గోపురంలా లేచిన పిండిని స్టీలు స్కేలుతో అంచు వెంట ఒక్క గీత గీసి తీసేశాను. కాన్వెంటు ల్యాబులో సిస్టర్ అలాగే నేర్పింది, అంచుకు మించింది కొలత కాదని. రెండు వందల అరవై గ్రాములు వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ దాదాపు అంతే. బెల్లం సోలకు మూడు వందల డెబ్బై. అన్నిటికీ ఒకటే బరువు అనుకునేంత తెలివితక్కువదాన్ని కాదని నాకు గర్వంగా ఉంది. పండుగకు కావలసినంతకు హెచ్చవేసి, తెల్ల కాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాశాను. మొదటి వాక్యం: పిండి దగ్గర పనిచేసేవారు జుట్టు ముడి వేసుకోవాలి.

పండుగ ముందు రోజు పొద్దున్నే గుడి వెనక షెడ్డులో పొయ్యి వెలిగించారు. నా కాగితాన్ని గోడకు అంటించారు. అవ్వ వస్తే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, "కాయిదం ఉన్నదిగదా, నువ్వు రాణిలెక్క కూసో," అన్నారు. ఆమె ఒళ్లో గుడ్డసంచి, అందులో సోల. పాకం కుదిరింది. తూచి పెట్టిన పిండి అంతా అందులో పడింది. తెడ్డు తిప్పుతున్న అక్క ఆగి, "ఏంది, ఇట్ల జారుతున్నది?" అంది.

అవ్వ లేచి కుంటుకుంటూ వచ్చింది. వేలితో పిండిని నొక్కింది.

"పిండి ఇంక ఉన్నదా?"

"కాయిదంల ఉన్నంత ఏసినమవ్వా. జల్లెట్ల పిడికెడు ఉన్నదేమో."

"నానవోసిన బియ్యం?"

"అన్ని పిండిగిర్నికి పోయినయి."

బియ్యం మళ్లీ నానాలంటే ఒక రోజు కావాలి. అయినా ఒక అరిసె తట్టి నూనెలో వేశారు. అది తిరగేసేలోపే విచ్చిపోయి, ముక్కలు ముక్కలుగా నురగలో తేలింది. రెండోది కూడా అంతే.

"అరిసెలు కాదు, పాయసం చేసినం," అని ఎవరో నవ్వారు. పెద్దక్కకు నవ్వు రాలేదు. "ఏందవ్వా, లెక్క ఎట్ల చెప్పినవు?" అంది. ఇంకొకరు వెనకనుంచి, "ముసల్దాన్ని అడిగి రాస్తె ఇట్లనే ఉంటది," అన్నారు.

అవ్వ నా వైపు తిరిగింది. "కాయిదం సదువు బిడ్డ."

నేను గోడ మీది కాగితం తీసి చదివాను. మొదటి వాక్యం దగ్గరే ఆమె చెయ్యెత్తి ఆపింది. పొయ్యి చుట్టూ ఉన్న ఆడవాళ్లందరూ నిజంగానే జుట్టు ముడి వేసుకుని ఉన్నారు. అవ్వ వాళ్ల తలలు చూసింది, తర్వాత నన్ను చూసింది. జల్లెడ దగ్గరికి వెళ్లి, నన్ను రమ్మని తల ఊపింది. సోలను సంచిలోంచి తీసి బోర్లించింది. దాని అడుగు మీద జల్లెడలోని పిడికెడు పిండి పోసింది. అది మొన తేలి చిన్న కుప్పగా నిలబడింది. ఆ మొన మీద వేలు ఆనించి, నాకు మాత్రమే వినపడేలా, "శిగ," అంది.

సోల అంచు మీద లేచే ఆ కుప్పను, నేను స్టీలు స్కేలుతో మూడుసార్లు కోసేసిన దాన్ని, శిగ అంటారు. పిండికి శిగ పెట్టి కొలవాలి. బెల్లానికి తలగొట్టి, అంచుకు చదునుగా కొలవాలి. నేను హెచ్చవేసిన ప్రతి సోలకూ ఒక శిగంత పిండి తక్కువైంది.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె అవి చూసింది. పిండిని అరచేత్తో జల్లెడలోకి ఊడ్చి, వెనక్కి తిరిగి గట్టిగా చెప్పింది.

"తప్పు నాదేనే. మూడు సోలలు అనవోయి రెండన్న. యాది మర్శిన. పోరి ఏం జేస్తది, నేను చెప్పింది రాసింది."

"గందుకే నేను ముందుగాల్నే అన్న, దుకాణంల చెప్పుకుందామని," అంది తెడ్డు తిప్పుతున్న అక్క. "పాపం, వయసు మీదపడ్డది," అన్నారు ఇంకొకరు. ఫాదర్ వచ్చి, "పోనీలే అమ్మా, అందరం మర్చిపోతాం," అని అవ్వ భుజం తట్టారు. కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది. నేను మాట్లాడలేదు.

నేను బిడియస్తురాలినని అందరూ అంటారు. మా అమ్మ కూడా అదే అంటుంది. ఆ రోజు నా నోరు మూసింది బిడియం కాదు. చదువుకున్న పిల్ల అన్న పేరు. ఆ పేరు అవ్వ పేరు కంటే నాకు ఎక్కువైంది.

అవ్వ ఆ పిండిని పారెయ్యనివ్వలేదు. గోధుమపిండి కలిపించి పెనం మీద రొట్టెలు కాల్పించింది. పండుగకు దుకాణంనుంచి బూందీ వచ్చింది. సాయంత్రం గోడ సందులోంచి ఒక పళ్లెం వచ్చింది, రెండు రొట్టెలతో.

"తిను బిడ్డ. బెల్లం ఎక్కువైతె తీపి ఎక్కువైతది, గంతే."

మరుసటి ఏడు పండుగకు ముందు అవ్వ సోలను బూడిదతో తోమి గోడ మీద ఎండకు పెట్టింది. ఎవరూ పిలవలేదు. సంఘం లడ్డూలు ఆర్డరు ఇచ్చింది. పండుగ రోజు అవ్వ తన లడ్డూ సగం విరిచి నాకు ఇచ్చి, "మంచిగనే ఉన్నది, మెత్తగ. నా పండ్లకు ఇదే నయం," అంది. ఆ పై ఏడు గోడ మీద సోల కనిపించలేదు.

చెప్పాలని వెళ్లాను. ఒకసారి కాదు, కానీ ఒక్కటే గుర్తుంది. ఆమె వాకిట్లో కూర్చుని బియ్యం కొలుస్తోంది. "అవ్వా," అన్నాను. చెయ్యెత్తి ఆగమంది. లాభం, రెండు, మూడు. నేను గడప మీద కూర్చున్నాను. నాలుగు, ఐదు. నేను చెప్పవలసిన మాటలు లోపల వరసగా పెట్టుకున్నాను. ఆమె డబ్బా నిండాక మళ్లీ బస్తాలోకి ఒంపి, మళ్లీ మొదలుపెట్టింది. ముగ్గురు మనుషుల ఇంటికి అంత బియ్యం ఎందుకని అప్పుడు తోచలేదు. కాసేపయ్యాక నేను లేచి వచ్చేశాను. నేను ఏం చెప్పడానికి వచ్చానో ఆమెకు తెలుసు. నన్ను చెప్పనివ్వకూడదనుకుందో, చెప్పేదాకా కూర్చుంటానో లేదో చూసిందో, ఇప్పటికీ నాకు తెలియదు. రెండోదే అయితే నేను మళ్లీ తప్పాను.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక, మట్టి వేసి చేతులు దులుపుకుంటూ ఇద్దరు మాట్లాడుకోవడం విన్నాను.

"అవ్వ చేతి అరిసెలు మళ్ల తినం."

"ఏం తింటం, ఆఖరికి లెక్కనే మర్శిపాయె పాపం. గా పండుగప్పుడే మతి పోయిందామెకు."

వాళ్లు ప్రేమగానే అన్నారు. మట్టితోపాటు ఆ మాట కూడా ఆమె మీద పడింది. దాన్ని వేసింది నేను. అప్పుడు కూడా వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాను, అప్పుడు కూడా నోరు తెరవలేదు. అందుకే రాస్తున్నాను. నోటితో చేతకానిది చేత్తో చేస్తున్నాను. ఇందులో గొప్పేమీ లేదు. వినవలసిన మనిషి పోయాక చెప్పటం చాలా సులువు.

అవ్వ ఏమీ మర్చిపోలేదు. రెండు సోలల పిండికి సోల బెల్లం అని ఆమె చెప్పింది, అది సరైన లెక్క. పిండికాడ శిగ ఉండాలని కూడా చెప్పింది. మర్చిపోవద్దని చెప్పింది. తప్పు నాది. మీరు ఆమెను పిలవకపోవడానికి కారణం నేను.

మూడో రోజు ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆమె కోడలిని సోల అడిగాను. "రెండు రోజుల్లో ఇచ్చేస్త వదినా," అన్నాను.

"నీ దగ్గరనే ఉంచుకో. మాకు కాంట ఉన్నది," అంది కోడలు. చీర చెంగుతో దాన్ని తుడిచి ఇచ్చింది.

ఈ పత్రికలో ఆ లెక్కను సరిచేసి కిలోల్లో వేద్దామనుకున్నాను. బియ్యం నానబెట్టి, గిర్నిలో పట్టించి, నిన్న మధ్యాహ్నం బడినుంచి తొందరగా వచ్చి కాంటా ముందు కూర్చున్నాను. స్టీలు స్కేలు తీసుకోలేదు. లాభం అనుకుంటూ పిండి పోసి, శిగ పెట్టాను. మూడు వందల నలభై రెండు గ్రాములు. ఒంపేసి మళ్లీ పోశాను. మూడు వందల అరవై ఒకటి. మళ్లీ పోస్తే మూడు వందల ముప్పై. ఏది రాయాలో తెలియలేదు. అది కొలిచే చెయ్యిని బట్టి. నాది ఇంకా కుదరని చెయ్యి. కాబట్టి అంకె రాయడం లేదు.

ఇంకోసారి పోశాను. ఫ్యాను గాలికి మొన చెదురుతోందని లేచి ఫ్యాను ఆపేశాను. ఈసారి శిగ నిటారుగా వచ్చింది. అంతలో బ్లాస్టింగు సైరన్ మోగింది. నేను రెండు చేతులూ పిండికి తగలకుండా గొడుగులా పట్టాను. నేల అదిరింది. అలమరలో గ్లాసులు గలగలమన్నాయి, ఆగాయి. మొననుంచి కొంచెం పిండి జారి అంచు మీద పడింది. కాంటా మీద అంకె కాసేపు వెలిగి, ఎవరూ ముట్టుకోకపోయేసరికి దానంతటదే ఆరిపోయింది. నా చేతుల మధ్య శిగ నిలబడి ఉంది.